ఇంటి ముంగిట రంపపుకోత



మాది సి.బెళగల్లు. తుంగభద్రకు దక్షిణపుటొడ్డున, కర్నూలు జిల్లా పడమటి నేలలలో నున్న ఊరు. గడచిన యేడు రోహిణీకార్తె కడపట వీచిన యీదురుగాలికి మా పెరటి వేపమాను వేళ్ళతో సహా ఒరగెను. అది మా నాయనమ్మ నాటిన మాను. నేలనుండి తొమ్మిదడుగుల దాక కొమ్మ లేని బోదె. ఆపైన నొక లావైన కొమ్మ. దాని నేమి చేయుదునా యని యాలోచించుచుండగా, పొరుగూరి చిన్నవాడొకడు మోటారు సైకిలు వెనుక నొక యంత్రమును కట్టుకొని వచ్చి, "సారూ, పట్నానికి తోలద్దు, ఇక్కడే పలకలు కోసిస్తా" ననెను. గొలుసు రంపము, దానిని తిన్నగా నడిపించుటకు రెండు ఇనుప పట్టాలు, ఒక చట్రము - ఇంతియే ఆ సరంజామా. వీధిలోని పిల్లలందఱును చేరిరి. పెద్దలు సైతము ఇంటి ముంగిట మాను కోయుట యొక క్రొత్త వింత యని చెప్పుకొనిరి.

వింత నిజమే, క్రొత్త మాత్రము కాదు. నా చిన్ననాటి వఱకును ఈ దేశమున మ్రానులన్నియు ఇంటి ముంగిటనో చేని గట్టుననో కోయబడినవే. మాను మిల్లునకు పోవుట నడుమ వచ్చిన యాచారము. నేటి ప్రసంగమున ఆ పాత కోత చరిత్రమును, అది పోయిన తీరును, నాకు తెలిసినంత వఱకు మనవి చేసెదను. అందులో నా తప్పు కూడ నొకటి కలదు, దానిని దాచను.

మా తావు కలప కఱవైనది. నల్లమల యడవి మాకు తూర్పున, కర్నూలును దాటి, ఇంకను చాల దూరమున నున్నది. అచటి టేకు, నల్లమద్ది, ఏగిస మా ఇండ్లకు వచ్చుట కలిగినవారి ముచ్చట. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల నల్లరేగడి నేలలలో సామాన్యునకు దిక్కు వేప, తుమ్మ, చింత. మట్టిమిద్దెకు దూలములు, దూలములపై దంతెలు, వానిపై కట్టెలు పఱచి చవుడుమన్ను పోయుదురు. ద్వారబంధమునకు వేప, బండిచక్రమునకు తుమ్మ, రోకలికిని గానుగకును చింత. కాడి, నాగలి, గొఱ్ఱు, గుంటక - వీనిలో కొయ్య లేనిదేది? ఆయగాండ్రలో వడ్రంగికి కళ్ళములో మేర కొలిచి యిచ్చెడివారు. ఏడాది పొడవున అతడు రైతు పనిముట్లను బాగుచేయవలెను. అయితే దుంగను పలకలుగా కోయుట వడ్రంగి పని కాదు. అది వేఱు వృత్తి. మేరలో దానికి పాలు లేదు. కూలి యే దాని ఫలము. ఈ భేదమును గుర్తుంచుకొనవలెనని శ్రోతలను కోరుచున్నాను.

రంపమునకు సంస్కృతమున క్రకచమనియు, కరపత్రమనియు పేర్లు. అమరకోశము ఈ రెంటిని చెప్పినది. ముప్పది యేండ్లకు పైగా బడిలో తెలుగు చెప్పినవాడను గనుక ఒక ముచ్చట: కరపత్రమనగా రంపమని చెప్పినపుడెల్ల పిల్లలు నవ్వెడివారు. వారికి కరపత్రమనగా ఎన్నికలలో పంచు కాగితము. చేతితో పట్టుకొను రేకు అన్న యర్థమున రెండును సమంజసములే. రెండును కోయునవే యని చెప్పి నేనును నవ్వెడివాడను. మా యెల్లలో కన్నడము వినబడుచుండును. ఊరిపేరు చివరి "గల్లు" సైతము రాయి యను కన్నడపదమును తలపించునది. ఆ కన్నడమున రంపమును గరగస యందురు. క్రకచమే నోళ్ళలో నలిగి గరగస యైనది. చెవి యొగ్గి వినినచో రెండు మాటలలోను రంపపు సవ్వడియే వినబడును.

పనిముట్టు మాటకంటె పాతది. మొహెంజొదారో త్రవ్వకములలో లోహపు రంపములు దొరకినవి. వరాహమిహిరుడు బృహత్సంహితలో ప్రతిమకై మ్రానును కొట్టుటకు అడవికి పోవు విధానమునకు ప్రత్యేకముగా నొక యధ్యాయమును కేటాయించెను. మంచములకును పీటములకును తగిన కొయ్యలను మఱియొకచోట చర్చించెను. కాని రంపపుకోతను గూర్చి మన పూర్వులు మిక్కిలి శ్రద్ధతో వ్రాసినది శిల్పశాస్త్రమున కాదు, గణితమున. ఈ సంగతి చాలమందికి తెలియదు.

క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు బ్రాహ్మస్ఫుటసిద్ధాంతమును రచించుచు గణితమున ఎనిమిది వ్యవహారములను లెక్కించెను. మిశ్రమము, శ్రేఢి, క్షేత్రము, ఖాతము, చితి మొదలగు వానితో పాటు రంపపుకోత గణితము వానిలో నొకటి. రాష్ట్రకూట అమోఘవర్షుని కాలమున, అనగా తొమ్మిదవ శతాబ్దమున, మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమున దానిని చేర్చెను. అమోఘవర్షుని రాజధాని మాన్యఖేటము మా తుంగభద్రకు ఉత్తరముననే కలదు. ఆ గ్రంథమునే పావులూరి మల్లన తెలుగు చేసెను. ఆపై 1150లో భాస్కరాచార్యుడు లీలావతిలో క్రకచవ్యవహారమని యొక ప్రకరణమునే వ్రాసెను.

లెక్క యిది. దుంగ మొదట నెన్ని యంగుళములో, తుద నెన్ని యంగుళములో కూడి సగము చేయవలెను. దానిని పొడవుచే గుణించి, ఎన్ని కోతలో అంతటిచే మరల గుణించి, 576చే భాగింపవలెను. వచ్చినది చదరపు మూరలలో కోత. ఇరువది నాలుగంగుళములు మూర గనుక 24ను 24చే గుణించిన 576. భాస్కరుని యుదాహరణమున దుంగ మొదట 20 అంగుళములు, తుద 16, పొడవు 100, నాలుగు కోతలు. సగటు 18, 18ని 100చే, ఆపై 4చే గుణించిన 7,200. దానిని 576చే భాగించిన పండ్రెండున్నర చదరపు మూరలు. అడ్డకోతకు వేఱు లెక్క: 32 అంగుళముల వెడల్పు, 16 అంగుళముల మందము గల మ్రానును తొమ్మిదిచోట్ల అడ్డముగా కోసిన, ఎనిమిది చదరపు మూరలు. ఇచట పాత యంగుళమును నేటి యించితో కలపరాదు. మూర అడుగున్నర గనుక పాత యంగుళము ఇంచిలో ముప్పాతికకు సరి.

ఇంతకును ఈ లెక్క యెవరికొఱకు? కూలికొఱకు. కోతగాండ్రు ఎన్ని చదరపు మూరల ముఖమును చీల్చిరో తేల్చి అందుకు తగిన రొక్కము నిచ్చుటకు. కొయ్య మెత్తన, గట్టితనములను బట్టి కూలి నిర్ణయించుకొనవలెనన్న జాగ్రత్తయు అందు కలదు. వేపకు, తుమ్మకు ఒకే కూలి యన్న కోతగాడొప్పునా? లీలావతి చదివిన పండితుడొకడు చెట్టునీడను కూర్చుండి కూలివాని చెమటను చదరపు మూరలలో కొలిచెనన్న తలపు నాకెప్పుడును ముచ్చట గొలుపును. నేను నా గురువుగారి యొద్ద ఈ ప్రకరణమును చదివిననాడు అది వట్టి లెక్కగానే తోచినది. కోతగాని మొగము నాకందులో కనబడుటకు చాల యేండ్లు పట్టినది.

విజయనగరపు కట్టడములను గూర్చి యొక్క మాట. మా నదికి ఎగువనే హంపి. ఆదోని కోట ఆ రాజ్యపు దుర్గమే. హంపిలో రాజగృహములని చూపునవన్నియు రాతి యరుగులు మాత్రమే. వానిపై నిలిచిన కంబములును కప్పులును కొయ్యవి. 1565 తరువాతి మంటలలోను, చెదలలోను అవి పోయినవి. రాతిపనివారి కీర్తి నిలిచెను; కోతగాండ్రది పొట్టుతో పాటు గాలికి పోయెను.

నేను కన్నులార చూచిన కోతను చెప్పెదను. నాకు పదియేండ్ల ప్రాయమున మా నాయనగారు పాత మిద్దె కూలగా క్రొత్తది కట్టించిరి. అపుడు మా ముంగిటికి ఇద్దఱు కోతగాండ్రు వచ్చిరి. ఇతర దేశములలో దుంగక్రింద గొయ్యి త్రవ్వి, ఒకడు పైన, ఒకడు గోతిలో నిలిచి కోయుదురు. మా రేగడినేలలో గొయ్యి త్రవ్విన వానకు నిండును, ఎండకు బీటలు వాఱును. అందుచే వారు కత్తెరగా కట్టిన గుంజలపై దుంగ నొక కొనను ఎత్తి ఏటవాలుగా నిలిపిరి. పెద్దవాడు దుంగపై నెక్కెను. చిన్నవాడు క్రింద నిలిచెను. మసిలో నానిన దారమును దుంగ పొడవునను బిగలాగి, నడుమ పట్టి యెత్తి వదలిరి. టప్పుమని నల్లని గీత పడెను. అట్లు రెండు ప్రక్కలను గీతలు. పై వాడు తన గీతను చూచుకొనును. క్రింది వాడు తన గీతను. ఇద్దఱి చూపులు ఒకే తలమున నడవనిచో పలక ఒక చివర రెండంగుళములు, మఱియొక చివర అంగుళమున్నర యగును.

మన రంపము లాగునపుడు కోయును, త్రోయునపుడు కాదు. క్రిందివాడు లాగగా పండ్లు దిగును. పైవాడు ఊరక పైకి తీసికొనును. అందుచే బరువంతయు క్రిందివాని బుజములదే. పొట్టంతయు వాని కన్నులలోనే. వాడు తలకు గుడ్డ చుట్టి, ఱెప్పలు సగము మూసికొని నిలిచెడివాడు. పైవానికి బరువు తక్కువ గాని బాధ్యత యెక్కువ; దారి తప్పిన తప్పు పైవానిది. కోత కొంత దూరము పోయిన పిమ్మట నెఱ్ఱె మూసికొని రంపమును పట్టివేయును. అందుచే చీల కొట్టి విడదీయుదురు. గంటకొకమారు కూర్చుండి ఆకురాతితో పండ్లను పదును పెట్టి, ఒకదానిని కుడికి, ఒకదానిని ఎడమకు వంపుదురు. ఆ వంపు లేనిచో రేకు తాను చేసిన దారిలో తానే చిక్కుకొనును. పచ్చిమానునే కోయవలెనని వారి పట్టు. మా నాయనగారు ఆరనిచ్చి కోయింతమనిన, పెద్దవాడు "ఎండితే రంపం ఏడుస్తాది సామీ" యనెను. దుంగ కొనలకు పేడ పూసి యుంచినది వారే. కొనలు త్వరగా నాఱి పగులకుండుటకై.

సాయంకాలము కూలి లెక్క. పలకలను కాదు, కోసిన ముఖమును జానెడు కట్టెతో కొలిచెడివారు. పెద్దవానికి చదువు రాదు. కాని మొదలు తుద కూడి సగము చేసెను, పొడవుతో హెచ్చించెను, కోతలతో హెచ్చించెను. నోటి లెక్కయే. లీలావతిని చదివినపుడు నాకీ సంగతి జ్ఞప్తికి రాకపోవుట నా చదువులోని కొఱత.

ఇక మిల్లు కథ. నీటిచే, గాలిచే రంపము నాడించుట పడమటి దేశముల వారు మొదలిడిన పని. చిన్నాసియాలోని హియెరాపొలిస్‌లో మూడవ శతాబ్దపు సమాధిపై నీటిచక్రముతో రాతిని కోయు రంపపు బొమ్మ కలదు. హాలండులో కోర్నెలిస్ కోర్నెలిస్జోన్ అనువాడు గాలిమరతో రంపము నడుపుటకు 1593లో హక్కుపత్రము పొందెను. ఓడల దేశమునకు అది యెంత లాభమో చెప్పనక్కఱలేదు. ఇంగ్లండులో మాత్రము కోతగాండ్రు దానిని చేరనీయలేదు. 1768 మే నెలలో లండను నగరపు లైమ్‌హౌసులో డింగ్లీ యనువాడు కట్టిన గాలిరంపపు మిల్లును కోతగాండ్ర గుంపు పడగొట్టెను. వారిని మూర్ఖులని వ్రాసిన చరిత్రకారులు పెక్కుమంది. గోతిలో నిలిచి కన్నులు పోగొట్టుకొన్నవాడు ఆ గోతికొఱకే పోరాడుట వింతయే. కాని ఆ గోయి తప్ప అన్నము లేనివానికి అది వింత కాదు. 1777లో శామ్యూల్ మిల్లరు వృత్తరంపమునకును, 1808లో విలియం న్యూబెరీ పట్టీరంపమునకును హక్కుపత్రములు తీసికొనిరి. తరువాతి నూఱేండ్లలో ఆవిరి వచ్చి మిగిలిన పని ముగించెను.

మన నాట మార్పు రైలుతో వచ్చెను. దత్తమండలములు 1800లో నిజాము చేతినుండి కుంపిణీకి వచ్చినవి, ఆదోని వానిలోనిదే. కర్నూలు నవాబు రాజ్యము 1839లో చేరెను. 1856లో మద్రాసు రాజధానిలో తొలి రైలు నడచినది. ఆ యేడే క్లెగ్‌హారను అడవులకు కన్సర్వేటరుగా నియమితుడయ్యెను. ఈ రెండును ఒకే యేట కలుగుట కాకతాళీయమో కాదో గాని, అర్థవంతము. పట్టాల క్రింద గజమునకొక స్లీపరు చొప్పున వేసినను మైలుకు 1,760 కావలెను. 1871 నాటికి ఆదోనిమీదుగా రైలుదారి రాయచూరు చేరెను. 1880ల నాటికి గుంతకల్లునుండి నంద్యాలమీదుగా నల్లమలను చీల్చుకొని బెజవాడకు మఱియొక దారి సాగెను. మన కోతగాండ్రకు అదియొక సుభిక్షకాలమనియు, మన యడవులకు దుర్భిక్షకాలమనియు చెప్పవచ్చును. 1882 నాటి మద్రాసు అడవుల చట్టముతో అడవి సర్కారుదయ్యెను. పల్లెవాడు గొడ్డలితో పోయి దూలము తెచ్చుకొను వాడుక నాటితో సన్నగిల్లెను.

అదే రైలు బర్మా టేకును లోనాడులకు తెచ్చెను. రంగూను, మౌల్మేనులలో ఆవిరిమిల్లులు నలుపలకలుగా చెక్కిన దుంగలను, పలకలను ఓడల కెక్కించెడివి. ఆ మిల్లులలో బరువులెత్తిన చేతులలో తెలుగుచేతు లనేకములు. కోరంగి రేవునుండి పోయినవారు గనుక వారికి అచట కోరంగీలని పేరు. 1930 మే నెలలో రంగూను రేవున తెలుగు కూలీలకును బర్మావారికిని కలహము చెలరేగి పెక్కుమంది తెలుగువారు హతులైరి. 1942లో జపాను దండెత్తగా నడచి యింటిదారి పట్టినవారిలో ఎందఱో దారిలోనే కూలిరి. మన పాత మేడలలో నిగనిగలాడు టేకు తలుపులను చూచినపుడు ఈ కథ జ్ఞప్తికి వచ్చుట మంచిది.

పల్లెలకు విద్యుచ్ఛక్తి రాగా పట్నములలో రంపపు మిల్లులు వెలసెను. 1969లో వానికై రాష్ట్రమున ప్రత్యేక నిబంధనలు వచ్చినవి. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ వ్యాజ్యములో సుప్రీముకోర్టు ఇచ్చిన యాజ్ఞతో దేశమంతట మిల్లులపై కట్టడి బిగిసెను. 2002లో మన రాష్ట్రపు నీరు, భూమి, చెట్ల చట్టము వచ్చినది. మన పెరటి మానైనను కొట్టుటకు ముందు అనుమతి విచారించుకొనుట నేటి ధర్మము. గాలికి కూలినదానికి సైతము నేను పోయి అడిగి వచ్చితిని.

ఇపుడు నా తప్పు. 1988లో నేను సొంత యిల్లు కట్టితిని. చేనిగట్టున రెండు తుమ్మదుంగలు, ఒక వేపదుంగ. మా నాయనగారికి కోసిన యా పెద్ద కోతగాడు అప్పటికి నడివయస్సువాడు. పనికై యెదురు చూచుచుండెను. నేను చదివినవాడను గదా! మిల్లున గంటలో పని యగునని, పలక సమముగా వచ్చునని, దుంగలను ట్రాక్టరుపై నెక్కించి పట్నమునకు పంపితిని. బండి అతని గుడిసె ముందుగనే పోవలెను. వేఱు దారి లేదు. అతడు గడపలో కూర్చుండి చూచెను. నేను బండిపై తల త్రిప్పుకొంటిని. మిల్లునుండి తిరిగి వచ్చిన పలకలలో సగము నా దుంగలవి కావు. చేవ గల తుమ్మ నిచ్చి, తెల్లచెక్క తెచ్చుకొంటిని. మూడేండ్లకే పురుగు పట్టి పొడి రాలెను. ఆ నష్టము నోటితో చెప్పదగినది. గుడిసె ముందఱ తల త్రిప్పుకొనుట చెప్పదగినది కాదు గనుక ముప్పదియైదేండ్లు చెప్పలేదు.

ముంగిట కోయించుకొన్నచో తన దుంగ తన కన్నులముందే యుండును. ఈ యొక్క కారణముననే నేడు పల్లెలలో చిన్న యంత్రములకు గిరాకి కలుగుచున్నదని నా యభిప్రాయము. జర్మనీలో ఆండ్రియాస్ ష్టీలు 1926లో విద్యుత్తుతోను, 1929లో పెట్రోలుతోను నడచు గొలుసు రంపములను చేసెను. తరువాతివారు దానికి చట్రము తగిలించి పలకలు కోయ నేర్చిరి. అమెరికాలో 1982లో వుడ్‌మైజరు వారు చక్రములపై లాగుకొనిపోవు పట్టీరంపపు మిల్లుల వ్యాపారమును ప్రారంభించిరి. మిల్లునకు దుంగ పోవుట మాని, దుంగయొద్దకు మిల్లు వచ్చుట మొదలయ్యెను. మా కోతగాండ్రు రంపమును బుజమున వేసికొని వచ్చినట్లే.

అయితే పొట్టు సంగతి విచారింపవలెను. గొలుసు రంపము తిను దారి ఇంచిలో మూడెనిమిదవ పాళ్ళు. మిల్లులోని వృత్తరంపము సుమారు పాతిక. చేతిరంపము అర్ధపాతిక. పట్టీరంపము ఇంకను సన్నము, రెండు మిల్లీమీటర్లు. పదునెనిమిది ఇంచుల చతురపు దుంగను ఇంచి పలకలుగా కోసిన, గొలుసుతో పదుమూడు పలకలు వచ్చును, వృత్తరంపముతో పదునాలుగు, చేతిరంపముతో పదునాఱు, పట్టీరంపముతోను పదునాఱే. శ్రోతలు కాగితముపై వేసి చూచుకొనవచ్చును. చదువు రాని యిద్దఱు కూలివాండ్రు అమెరికా యంత్రముతో సరిసమానముగా మిగిల్చిరి. వారి చెమటకు వెల లేదనుకొంటిమి గాని, పొట్టుగా పోయిన మూడు పలకలకు వెల లేదా?

మా వేపమాను కథకు వచ్చెదను. చిన్నవాడు ముందు లావుకొమ్మను పట్టెను. ఒక ప్రక్కనుండి వరుసగా పలకలు తీసికొనుచు పోయెను. మొదటి పలక బాగుగనే యుండెను. రెండవది కోత ముగియకముందే విల్లువలె వంగి లేచెను. మూడవదియు అంతే. యంత్రమాగెను. మానులో బిగువులు కొన్ని లోపలికి, కొన్ని వెలుపలికి లాగుచుండును. ఒక ప్రక్కనే తీసివేసిన తూకము తప్పి మిగిలినది వంగును. ఏటవాలుగా పెరిగిన కొమ్మలో ఇది మఱియు హెచ్చు. ఈ సూత్రము నాకు పుస్తకముల వలన తరువాత తెలిసినది. ఆనాడు నేనును, చిన్నవాడును మొగమొగములు చూచుకొంటిమి.

"మా ఊర్లో కోతపని తెలిసిన తాత ఒకడుండాడు సారూ, తీసుకొస్తా" నని వాడు మోటారు సైకిలుపై పోయెను. వాడు కూర్చుండబెట్టుకొని తెచ్చినది ఎవరినో శ్రోతలు ఊహింపగలరు. మా ఊరి గుడిసె విడిచి కూతురి యింటికి చేరి యుండెను. ఎనుబది దాటినవి. కన్ను ఒకటి పోయినది, రెండవది మసక. బోదె కొనయొద్ద చతికిలబడి బొటనవ్రేలితో కోసిన ముఖమును తడిమెను. వలయములు ఎటు దగ్గఱగా నున్నవో, ఎటు విరివిగా నున్నవో వ్రేలితోనే చూచెను. దుంగను పావుచుట్టు దొర్లించుమనెను. దారమును తానే పట్టుకొనెను; నేను రెండవకొన పట్టితిని. మసి దొరకక వంటింటి బొగ్గు నూరి నీళ్ళలో కలిపితిమి. గీత పడినది సరిగా గర్భముమీద.

"మానుకు నడుమ బిగువు ఉంటాది నాయనా. ముందు దాన్ని తెంపు. రెండు దిక్కులా సర్దుకుంటాది. ఆ మీద ఇటొకటి, అటొకటి" అని చిన్నవానికి చెప్పెను. వాడట్లే చేసెను. ఏడు కోతలు. ఆఱు పలకలు, రెండు పెచ్చులు. ఒక్కటియు వంగలేదు. వృద్ధుడు రంపపు మోతకు చెవులు మూసికొనలేదు. పొట్టు వచ్చి కాళ్ళపై పడుచుండగా పిడికిట పట్టి, "లావు తింటాండాది" అని మాత్రమనెను.

మాపటికి లెక్క. చిన్నవాడు గంటలను బట్టి అడిగెను. నేను భాస్కరుని పద్ధతిని కొలిచితిని: మొదట 22 ఇంచులు, తుద 18, సగటు 20, పొడవు తొమ్మిదడుగులు, ఒక కోతకు పదునైదు చదరపు అడుగులు, ఏడు కోతలకు నూట అయిదు. పాతలెక్కలో నలువదియాఱు చదరపు మూరలకు మీద రెండు మూడవ పాళ్ళు. వృద్ధుడు వినుచుండి, "గుండ్రటి మాను సామీ, అంచు కోతలు కురుచ. అంత రాదు. తక్కువ వేసుకో" యనెను. అతని మాట నిజము. భాస్కరుని లెక్క ప్రతి కోతకు ఒకే వెడల్పు పట్టును. గుండ్రని దుంగకు అది యెక్కువ చూపును. కోతగాని కూలిని కోతగాడే తగ్గించుట నేను మునుపు చూడలేదు. తగ్గించక చిన్నవానికి పూర్తిగ నిచ్చితిని. వృద్ధునికి వేఱుగ నిచ్చితిని. తీసికొని మొలగుడ్డలో ముడి వేసికొనెను.

లేచునపుడు నా చేయి పట్టుకొని, "ఈ మాను పట్నానికి పోలేదా సామీ?" అని యడిగెను. అందులో నిష్ఠురమున్నదో, వట్టి ప్రశ్నయో, ఆ మసక కన్నులలో నాకు తెలియలేదు. "పోలేదు" అంటిని. "మంచిది" అని మోటారు సైకిలెక్కెను.

పలకలు పడమటి పంచలో నున్నవి. నేలకు జానెడెత్తున దిమ్మలపై, ఒక్కొక్క పలకకు నడుమ అంగుళపు కట్టెలు అడ్డముగా నుంచి, గాలి యాడునట్లు పేర్చితిని. కొనలకు పేడ పూసితిని. పైన బరువునకు రెండు నాపబండలు. అంగుళము మందమునకు ఏడాది యారవలెనని పెద్దల మాట, ఇవి రెండంగుళములవి. రెండవ ఉగాదికి దింపి వడ్రంగి కిచ్చెదను. నాలుగింట తలుపు, రెండింట ఉయ్యాల బల్ల. వంగిన కొమ్మపలకలు రెండును పశువుల కొట్టమున గాటిపాటికి సరిపోయినవి.